పాఠం ఫోన్‌లో, పొయ్యి వాళ్లింట్లో

ప్రశ్న: మేము కొందరం కలిసి ఒక చిన్న సేవాబృందంగా పనిచేస్తున్నాం. ఆసుపత్రి దూరంగా ఉండి, ఒక రోజు కూలి వదులుకుంటే తప్ప వైద్యుణ్ణి చూడలేని కుటుంబాల కోసం, మధుమేహం రాకముందే జాగ్రత్తపడేలా, మొక్కల నుంచి వచ్చే ఆహారంతో వంటలు నేర్పే ఎనిమిది వారాల ఆన్‌లైన్ తరగతి మొదలుపెట్టాం. రక్తపరీక్షలో చక్కెర హద్దుకు దగ్గరగా ఉందని తేలిన 42 మంది చేరారు. నాలుగో వారానికి 11 మంది మిగిలారు. వారిలో సగం మంది ముందునుంచే బాగా వండుకునేవారు. మానేసినవారిని అడిగితే "ఆ వంటలు మా ఇంట్లో కుదిరేవి కావు" అంటున్నారు. ఒకావిడ తాను వేసుకుంటున్న చక్కెర మాత్రలు ఇక ఆపేయవచ్చా అని అడిగారు. విరాళం ఇచ్చినవారు ఫలితాలు చూపించమంటున్నారు. అసలు వంట పాఠాలతో మధుమేహాన్ని ఆపవచ్చన్న ఆశ సరైనదేనా? ఈ తరగతిని కొనసాగించాలా, మార్చాలా, మానేయాలా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మానేయవద్దు, మార్చండి. మీ ఉత్తరం మొత్తంలో నాకు విలువైనదిగా తోచిన వాక్యం మీరు నిరాశతో రాసినదే: "ఆ వంటలు మా ఇంట్లో కుదిరేవి కావు." మీ తరగతిలో ఏం సరిచేయాలో ఆ మాటలోనే ఉంది. దాని దగ్గరికి వచ్చే ముందు, మీరు అడిగిన ఆశ సంగతి తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే ఆశ ఎంతవరకు సరైనదో తెలిస్తేనే తరగతిని ఎటు తిప్పాలో తెలుస్తుంది.

టైప్ 2 మధుమేహాన్ని ముందుగానే అడ్డుకోవచ్చునన్నది ఇప్పుడు సందేహం లేని విషయం. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో మొదలైన అధ్యయనంలో, రక్తంలో చక్కెర హద్దు దాటబోతున్న 577 మందిని ఆరేళ్లపాటు గమనించారు. ఏ ప్రత్యేక సలహా లేనివారిలో 67.7 శాతం మందికి మధుమేహం రాగా, కేవలం ఆహారం మార్చుకున్నవారిలో అది 43.8 శాతానికి తగ్గింది. ఆ తరువాత ఫిన్‌లాండ్‌లో 522 మందిపై జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలోనూ, అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో వెలువడిన మరింత పెద్ద అధ్యయనంలోనూ, ఆహారం, నడక, కొద్దిగా బరువు తగ్గడం అనే మూడింటినీ కలిపి పాటించినవారిలో మధుమేహం వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. అమెరికా అధ్యయనంలో చక్కెర తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో ఆ తగ్గుదల 31 శాతమే. అక్కడ పెట్టుకున్న లక్ష్యాలు కూడా అందరానివి కావు: శరీర బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవడం.

అయితే ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ అధ్యయనాలలో ఏదీ వంట పాఠాన్ని విడిగా పరీక్షించలేదు. వాటి బలమంతా ఒకే మనిషి మళ్లీ మళ్లీ పలకరించడంలో, పోయినసారి అనుకున్నది ఎంతవరకు జరిగిందని అడగడంలో, జరగకపోతే ఎందుకు జరగలేదో కలిసి ఆలోచించడంలో ఉంది. అమెరికా కార్యక్రమంలో మొదట 16 పాఠాలు ఒక్కొక్కరితో విడివిడిగా, ముఖాముఖిగా నడిచాయి. వంట నేర్పడం ఆ పనికి మంచి తోడు, కానీ అది ఒక్కటే ఆ పని మొత్తం చేస్తుందని విరాళం ఇచ్చినవారికి మాట ఇవ్వకండి.

దూరం నుంచి చెబితే పని జరగదేమోనన్న భయం మాత్రం మీకు అక్కరలేదు. దక్షిణ భారతంలో 537 మంది పురుషులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, సగం మందికి ఆహారం, వ్యాయామం గురించి చిన్న చిన్న సందేశాలు మొబైల్ ఫోన్‌కు క్రమం తప్పకుండా పంపారు. రెండేళ్లకు సందేశాలు అందనివారిలో 27 శాతం మందికి మధుమేహం రాగా, అందినవారిలో 18 శాతం మందికే వచ్చింది. అందులో వీడియో లేదు, అందంగా అలంకరించిన వంటగది లేదు, ఫోన్‌కు వచ్చిన నాలుగు అక్షరాలే ఉన్నాయి. మీ తరగతికి ఇందులో పెద్ద పాఠం ఉందని నా అభిప్రాయం: వారానికి ఒకసారి గంటసేపు సాగే ప్రత్యక్ష ప్రసారం కంటే, వారంలో నాలుగైదుసార్లు వచ్చే అర నిమిషం పలకరింపు ఎక్కువ పని చేయవచ్చు.

ఇక "మొక్కల ఆహారం" అన్న మాట గురించి. ఈ మాటను మీరు తరగతి పేరులోనే పెట్టి ఉంటారని అనుకుంటున్నాను. తీసేయమని నా సలహా. చక్కెర మొక్క నుంచి వచ్చినదే, మైదా మొక్క నుంచి వచ్చినదే, తీయటి శీతలపానీయంలోనూ నూనెలో వేయించిన బంగాళాదుంపలోనూ జంతువు ఆనవాలే ఉండదు. అమెరికాలో సుమారు రెండు లక్షల మంది ఆరోగ్యరంగ ఉద్యోగుల ఆహారపు అలవాట్లను ఇరవై ఏళ్లకు పైగా పరిశీలించి 2016లో ప్రచురించిన విశ్లేషణ ఈ తేడానే చూపింది. ముడిధాన్యాలు, పప్పుధాన్యాలు, కూరగాయలు, పండ్లు, గింజపప్పులు ఎక్కువగా తిన్నవారిలో టైప్ 2 మధుమేహం ప్రమాదం 34 శాతం తక్కువగా కనిపించగా, మొక్కల నుంచే వచ్చినా బాగా మరపట్టిన ధాన్యం, తీపి పదార్థాలు, తీయటి పానీయాలు ఎక్కువగా తీసుకున్నవారిలో అది 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది మనుషులను గమనించి రాసిన లెక్క కాబట్టి కారణాన్ని నిరూపించినట్లు చెప్పలేం. కానీ ఏ మొక్క, ఏ రూపంలో అన్న ప్రశ్న అడగకుండా "మొక్కల ఆహారం మంచిది" అని బోధించడం సగం నిజమేనని చెప్పడానికి ఇది చాలు.

పేరు తీసేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గుడ్డో చేపో మాంసమో ఎప్పుడో ఒకసారి తినగలిగే ఇంట్లో, ఆ ఒక్కటి కూడా మానమని చెప్పే తరగతికి ఎవరు వస్తారు? పేదరికంలో మాంసం ఒక సంబరం, ఒక గౌరవం కూడా. దాన్ని వదులుకోమనడం మీ ఉద్దేశం కాకపోవచ్చు, కానీ పేరు అలాగే వినిపిస్తుంది. మధుమేహ నివారణకు మాంసాన్ని పూర్తిగా మానడం అవసరమని కూడా కాదు. మీరు కోరుకోవలసిన మార్పు ఒక్కటే: ఇప్పుడు పళ్లెంలో ఎక్కువ భాగం ఆక్రమించి ఉన్న మరపట్టిన పిండిపదార్థం కొంత తగ్గి, ఆ ఖాళీలో పప్పుధాన్యాలూ కూరగాయలూ చేరడం. "చేరడం" అంటే ఉన్నదాని మీద అదనంగా చేరడం కాదు. ఉన్నదాని స్థానంలో చేరడం. ఈ తేడాను మొదటి పాఠంలోనే పళ్లెం పెట్టి చూపించాలి, ఎందుకంటే అదనంగా తింటే బరువు పెరుగుతుంది, తగ్గదు.

పప్పుధాన్యాల మీద నేను ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. ఒకే మోతాదు పిండిపదార్థం ఉన్నా వేర్వేరు ఆహారాలు రక్తంలో చక్కెరను వేర్వేరుగా పెంచుతాయని టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 1981లో కొలిచి చూపింది. ఆ పెరుగుదలను పోల్చి చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ అన్న కొలత పుట్టింది అప్పుడే. ఆ పట్టికలో పప్పుధాన్యాలూ బీన్స్ గింజలూ అట్టడుగున ఉంటాయి. వాటిలోని పీచు, మాంసకృత్తులు, నెమ్మదిగా జీర్ణమయ్యే పిండిపదార్థం కలిసి చక్కెరను ఒక్కసారిగా రక్తంలోకి వదలవు. పైగా ఒక పూట వాటిని తింటే, తరువాతి పూట తిన్నదానికి కూడా చక్కెర అంతగా పెరగదని అదే బృందం మరుసటి సంవత్సరమే గమనించింది. ఎండిన గింజలు చౌక, చీడపట్టకుండా చూసుకుంటే నెలలపాటు నిలవ ఉంటాయి, ఫ్రిజ్ అడగవు. మీరు సేవ చేస్తున్న ఇళ్లకు ఇంతకంటే తగిన ఆహారం నాకు తోచడం లేదు.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం. వంటలు ఇంట్లో కుదరవన్నవారిని మీరు ఎందుకు కుదరవని అడిగారా? మీ ఉత్తరంలో ఆ జవాబు లేదు. పొయ్యి ఒకటేనా, రెండా? ఇంధనం ఎన్ని రోజులకు వస్తుంది? పని నుంచి ఎన్ని గంటలకు ఇంటికి చేరుతారు, ఆ తరువాత వండే ఓపిక ఎంత మిగులుతుంది? సరుకులు ఎవరు తెస్తారు, ఏం తేవాలో ఎవరు నిర్ణయిస్తారు? పిల్లలకూ వృద్ధులకూ వేరుగా వండాలా? తరగతి చూసే ఫోన్ ఎవరిది, ఆ సమయానికి అది ఎవరి చేతిలో ఉంటుంది? వంట చేసే మనిషి ఒకరు, డబ్బు ఖర్చుపెట్టే మనిషి ఇంకొకరు అయిన ఇంట్లో, వంట చేసేవారికి మాత్రమే పాఠం చెబితే ఆ పాఠం గుమ్మం దాటి లోపలికి పోదు. బహుశా మానేసిన 31 మందిలో కొందరి కథ ఇదే అయి ఉంటుంది.

వంట తరగతి నడిపేవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటి చెబుతాను. నేనూ కొన్నాళ్ల క్రితం ఇలాంటి ఒక తరగతికి సలహాదారుగా ఉన్నప్పుడు అదే చేశాను. వంటకం ఎంచుకున్నాం, పోషకాల లెక్క వేశాం, చూడముచ్చటగా చిత్రించాం. పన్నెండు దినుసులు, నాలుగు గిన్నెలు, యాభై నిమిషాలు. చూసినవారంతా బాగుందన్నారు. ఎవరూ వండలేదు. ఆ తరువాత లెక్క తిరగేశాం: ఒక పొయ్యి, ఒక గిన్నె, ఆరుకు మించని దినుసులు, పొయ్యి ముందు ఇరవై అయిదు నిమిషాలు. ఈ హద్దుల్లో ఇమడని వంటకం ఎంత రుచికరమైనదైనా పక్కన పెట్టేశాం. అప్పుడు కూడా అందరూ వండలేదు, కానీ కొందరు వండారు, వండినవారు పక్కింటివారికి చెప్పారు.

మీరు కొత్త వంటకాలు నేర్పడం మానేసి, వారు ఇప్పటికే రోజూ వండుకునే దాన్ని మార్చడం నేర్పండి. ప్రతి ఒక్కరినీ నిన్న రాత్రి తాము తిన్న భోజనం ఫొటో తీసి పంపమనండి. ఫొటో ఇష్టం లేనివారు నోటితో చెప్పి వాయిస్ సందేశం పంపినా చాలు. ఆ భోజనంలో ఒక్క మార్పు మాత్రమే సూచించండి: మరపట్టిన ధాన్యంలో పావు వంతు తగ్గించి పొట్టుతో ఉన్న ధాన్యం కలపడం, కూరలో సగం నూనె తగ్గించి ఒక గుప్పెడు ఉడికిన గింజలు వేయడం, తీయటి పానీయం స్థానంలో నీళ్లు తాగడం, ఇలాంటివి. ఒక వారం ఒకే మార్పు. ఎనిమిది వారాల్లో ఎనిమిది కొత్త వంటకాలు నేర్చుకున్న మనిషి కంటే, మూడు మార్పులు నిలబెట్టుకున్న మనిషి మధుమేహానికి ఎక్కువ దూరంగా ఉంటారు.

గింజలు వండడం గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే తరగతులన్నీ దీన్ని తెలిసిన విషయంగా దాటేస్తాయి. పెద్ద గింజలను రాత్రంతా నానబెడితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది, ఇంధనం మిగులుతుంది, కడుపుబ్బరం కూడా కొంత తగ్గుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించాలి. ఎర్ర రాజ్మా విషయంలో ఇది రుచికి సంబంధించిన సలహా కాదు, భద్రతకు సంబంధించినది. ఆ గింజల్లో ఉండే లెక్టిన్ అనే ఒక రకం మాంసకృత్తి, గింజలు సరిగా ఉడకకపోతే, కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు తెప్పిస్తుంది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, నీళ్లు మార్చి, అరగంటసేపు బాగా తెర్లించాలి. తక్కువ వేడి మీద గంటలకొద్దీ మగ్గబెట్టే విద్యుత్ పాత్రల్లో నేరుగా వండితే ఆ పదార్థం నశించకపోగా దాని విషప్రభావం పెరిగే అవకాశం ఉంది. ఇంధనం ఆదా చేసుకోవాలని సన్నని మంట మీద సగం ఉడికించే అలవాటు ఉన్న ఇళ్లకు ఈ సంగతి తప్పక చెప్పాలి. డబ్బాలో వచ్చే ఉడికిన గింజలు వాడేవారైతే, డబ్బాలోని నీళ్లు వంపేసి మంచినీళ్లతో కడిగితే అందులోని ఉప్పులో మూడో వంతుకు పైగా పోతుంది.

పీచు తక్కువ తినే అలవాటు ఉన్నవారు ఒక్కసారిగా గింజలు మొదలుపెడితే కడుపు ఉబ్బి, రెండో రోజుకే మానేస్తారు. మొదటి వారం రెండు చెంచాలు, తరువాత అర కప్పు, నెలకు ఒక కప్పు, దానితోపాటు నీళ్లు. ఇంత చిన్న విషయం చెప్పకపోవడం వల్ల ఎన్ని తరగతులు ఖాళీ అయ్యాయో.

సాంకేతికం గురించి రెండు మాటలే. ప్రత్యక్ష తరగతిలో వండి చూపించకండి. డేటా ఖర్చవుతుంది, చిత్రం ఆగిపోతుంది, చూస్తూ వండడం ఎవరికీ కుదరదు. వంటను మూడు నిమిషాల చిన్న వీడియోగానో, దాని కంటే కూడా వాయిస్ సందేశంగానో ముందే పంపండి. ప్రత్యక్షంగా కలిసే సమయాన్ని వండినవారు ఏం జరిగిందో చెప్పుకోవడానికి వదిలేయండి. ఆ సమయంలో మీరు ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

మిగిలిన 11 మందిలో ముందునుంచే బాగా వండేవారు ఉన్నారని మీరు దాదాపు లోపంగా రాశారు. నాకది మీ చేతికి దొరికిన అదృష్టంగా కనిపిస్తోంది. వారిని విద్యార్థులుగా చూడడం ఆపి, ఒక్కొక్కరికి ముగ్గురు, నలుగురు ఇరుగుపొరుగు ఇళ్లను అప్పగించండి. అదే వీధిలో, అదే ఆదాయంతో, అదే పొయ్యి మీద వండే మనిషి చెబితే "మా ఇంట్లో కుదరదు" అనడం కష్టం. వారు చేసే ఈ పనికి వీలైతే ఎంతో కొంత పారితోషికం కూడా ఇవ్వండి. సేవ పేరుతో పేదల శ్రమను ఉచితంగా తీసుకోవడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు.

అలాగే, ఏ వంట తరగతీ ఖాళీ డబ్బాను నింపదు. నెలాఖరుకు చేతిలో డబ్బు లేని ఇంట్లో కడుపు నింపే చౌకైన పిండిపదార్థాన్ని ఎంచుకోవడం అజ్ఞానం కాదు, లెక్క. విరాళంలో కొంత భాగం ఎండిన గింజలు, పొట్టుధాన్యం కొని ఇవ్వడానికి ఖర్చుపెట్టండి. అలా ఇచ్చిన ఒక సంచి, పది పాఠాలు చేయలేని పని చేయవచ్చు.

మాత్రలు ఆపవచ్చా అని అడిగినావిడ విషయంలో ఆలస్యం చేయకండి. ఆవిడ ఆ మాత్రలు ఎందుకు వేసుకుంటున్నారో ముందు తెలుసుకోవాలి. పరగడుపు చక్కెర డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాముల వరకు గానీ, కొన్ని నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె 5.7 నుంచి 6.4 శాతం వరకు గానీ ఉంటే మధుమేహానికి ముందు దశ అని అమెరికా మధుమేహ సంఘం లెక్క. మొదటిది 126కు గానీ, రెండోది 6.5కు గానీ చేరితే మధుమేహమే. ఆవిడ ఇప్పటికే రెండో గీత దాటి ఉండవచ్చు. అలాంటప్పుడు మీ తరగతి ఆవిడకు నివారణ కాదు, చికిత్సకు తోడు. వైద్యుణ్ణి అడగకుండా ఏ మాత్రా ఆపకూడదని స్పష్టంగా చెప్పండి. దానికి రెండోవైపు కూడా ఉంది: ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు హఠాత్తుగా పిండిపదార్థం బాగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగాలని వారికీ, ఇంట్లోవారికీ ముందే చెప్పి ఉంచండి. అలాంటివారు మార్పు మొదలుపెట్టే ముందే మోతాదు గురించి వైద్యుడితో మాట్లాడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ఎక్కువగా ఉండే పప్పులూ ఆకుకూరలూ హద్దులేకుండా తినమని సలహా ఇవ్వకూడదు. జంతువుల నుంచి వచ్చే ఆహారం పూర్తిగా మానేసినవారికి బి12 విటమిన్ మాత్ర కావాలి. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే కూడా బి12 తగ్గుతుంది కాబట్టి, ఆ రెండూ కలిసినవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. తరగతిలో చేర్చుకునేటప్పుడే ఈ నాలుగు విషయాలు అడిగే ఒక చిన్న కాగితం తయారు చేసుకోండి.

విరాళం ఇచ్చినవారికి ఏం చూపించాలి? ఎనిమిది వారాలకు హెచ్‌బీఏ1సీ చూపిస్తామని మాత్రం ఒప్పుకోకండి. అది రెండు మూడు నెలల సగటును చెప్పే పరీక్ష. ఎనిమిది వారాల్లో, అదీ హద్దుకు దగ్గరగా ఉన్నవారిలో, వచ్చే తేడా చాలా చిన్నది. రక్తహీనత ఉన్నవారిలో ఆ అంకె తప్పుదోవ పట్టించవచ్చు కూడా. వారానికి ఎన్ని రోజులు ఇంట్లో గింజలు వండారు, తీయటి పానీయాలు ఎన్ని తగ్గాయి, ఎంతమంది నడక మొదలుపెట్టారు, నెలకొకసారి బరువు ఎంత, ఇవి చూపించండి. అమెరికా అధ్యయనంలో తగ్గిన ప్రతి కిలో బరువుకూ మధుమేహం ప్రమాదం సుమారు 16 శాతం తగ్గిందని తరువాతి విశ్లేషణలో తేలింది. అందువల్ల రెండు కిలోల తగ్గుదల కూడా గర్వంగా రాయదగినదే. ఆ దేశంలో 2010లో మొదలైన జాతీయ నివారణ కార్యక్రమం ఏడాదిపాటు సాగుతుంది: మొదటి ఆరు నెలలు తరచుగా, తరువాతి ఆరు నెలలు అరుదుగా కలుస్తారు. ఎనిమిది వారాలను ఏడాదిగా సాగదీయడానికి మీకు ఎక్కువ డబ్బు అక్కరలేదు. పాఠాలు తగ్గించి పలకరింపులు పెంచితే చాలు.

అయిదో వారం పాఠాన్ని వాయిదా వేయండి. ఆ వారం రోజులూ మీ బృందంలోని అందరూ కలిసి మానేసిన 31 మందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. మళ్లీ రమ్మని బతిమాలవద్దు. నిన్న రాత్రి ఏం వండారు, ఎంతసేపు పట్టింది, ఆ గిన్నెలో ఏదైనా ఒకటి మార్చగలిగితే ఏది మారుస్తారు అని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. మొదటి ఫోన్ మాత్రం ఇవాళే, ఆ మాత్రల గురించి అడిగినావిడకు చేయండి.